మూడో లాటు బండలు

ప్రతి నెలా పదో తారీఖు లోపు మా యార్డులో ఉన్న బండలన్నీ నావేనని బ్యాంకుకు రాసిచ్చేదాన్ని. వాటిలో సగానికి సగం నావి కావు.

యూనిట్ నా పేరు మీద ఉండేది. తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో రేకుల షెడ్డు, రెండు పాలిష్ మిషన్లు, ఒక కటింగ్ మిషన్, చుట్టూ ఎకరం యార్డు. ఆడవాళ్ల పేరు మీద అయితే లోను తొందరగా వస్తుందని మా ఆయన నా చేత సంతకాలు పెట్టించాడు. పేరుకు యజమానురాలిని, పనికి గుమస్తాని. అట్లాగని నన్ను తీసిపారేయడానికి లేదు. మూడేళ్లు తిరిగేసరికి నాపరాయిని వేలితో తట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పడం నేర్చుకున్నాను. మా ఆయనకు అది ఇప్పటికీ రాదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్లు గని దగ్గరికి స్వయంగా పోయి, నచ్చిన బండలు ఏరుకొని, ట్రాక్టరు మీద తెచ్చి మా యార్డులో దింపిపోతారు. అంచు మీద ఒక రంగు గీత గీస్తారు. ఒకరిది ఎరుపు, ఒకరిది తెలుపు, ఒకరిది రెండు గీతలు. ఆ గీతే వాళ్ల హక్కు పత్రం. ఇంకో కాగితం అడిగినవాళ్లు లేరు, ఇచ్చినవాళ్లూ లేరు. మేం వాటిని కోసి, పాలిష్ పట్టి, నిలబెట్టి ఉంచుతాం. ఇంటికి స్లాబు పడి, బండలు పరిచే రోజు వచ్చేదాకా అవి మా దగ్గరే ఉంటాయి. ఒక్కోసారి ఏడాది కూడా ఉంటాయి. మా కూలి బండలు తీసుకుపోయే రోజే ఇస్తారు.

బ్యాంకు పద్ధతి వేరు. యార్డులో ఎంత సరుకు చూపిస్తే అంత డబ్బు వాడుకోనిస్తారు. సరుకు తగ్గితే లిమిటు కోస్తారు. ఒక నెల మా సరుకు బాగా తగ్గింది. నేను ఫారం ముందర పెట్టుకొని కూర్చుంటే మా ఆయన భుజం మీదుగా చూసి, "గా ఎర్ర గీతలు, తెల్ల గీతలు బ్యాంకోళ్లకు ఎరుకనా? అన్ని కలిపి రాయి. మనం గాకపోతే ఇంకెవ్వలు జేస్తలేరా?" అన్నాడు. అన్నీ కలిపి రాశాను. ఆ తర్వాత ప్రతి నెలా అట్లాగే రాశాను.

ఆ గీతల్లో ఒకటి ఆకుపచ్చది. అది కాకది.

మా పుట్టింటి ఊరు దౌల్తాబాద్ దగ్గర. కాక మా ఊరివాడే. తాతల నాటి నుంచి గొర్లు కాసే ఇల్లు వాళ్లది. ఎండాకాలం మా నాయన పొలంలో ఆయన మంద నిలిచేది, ఎరువు కోసం. అప్పటి నుంచి, చుట్టరికం ఏమీ లేకపోయినా, నేను ఆయన్ని కాకా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. ముసలితనంలో ఆయన సర్కారు ఇచ్చే సాయంతో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాడు. కింద వేసే బండలకు ఆ సాయం చాలదు. అందుకని మందలో సగం అమ్మాడు.

గనిలో రెండు రోజులు కూర్చున్నాడు. గొర్రెను పళ్లు చూసి కొన్నట్టు ఒక్కో బండను పట్టిపట్టి చూసి, నీలం రాయి మాత్రమే ఏరుకున్నాడు. గనివాళ్లు విసుక్కొని నాకు ఫోన్ చేశారు, ఈయనను తీసుకపోతవా లేదా అని. గదుల కొలతలు తాడుకు ముడులు వేసి తెచ్చాడు. ఆ ముడుల లెక్కనే కోయించాను. గోడ వార వచ్చే ముక్కలు కూడా విడిగా కోయించాను. పాలిష్ అయ్యాక ఆ బండల వరస చూసి ఆయన చేతులు వెనక్కు కట్టుకొని అటూ ఇటూ తిరిగాడు. "దసరాకు ఇంట్లకు పోత బిడ్డా. మీ చిన్నమ్మ మోకాళ్లకు గా మట్టి నేల పడ్తలేదు," అన్నాడు. అప్పటిదాకా వాళ్లిద్దరూ గొర్ల దొడ్డి పక్కన రేకుల కింద ఉంటున్నారు.

మా పతనం అప్పటికే మొదలైంది, అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే కొత్త సంగతి ఏమీ లేదు. జనం టైల్స్‌కు మళ్లారు. హైదరాబాదులో ఒక బిల్డర్ మాత్రం మా దగ్గర ఏడాది పాటు బండలు తీసుకున్నాడు, పార్కింగుకు, మెట్లకు, కాంపౌండుకు. రేపిస్తా, ఎల్లుండిస్తా అన్నాడు. ఒకరోజు ఐపీ పెట్టాడని తెలిసింది. ఇప్పుడు దానికి వేరే చట్టం ఉంది, వేరే కోర్టు ఉంది, మధ్యలో ఒక అధికారి ఉంటాడు. ఆయనకు మేమూ ఫారం పంపాం, బిల్లులన్నీ జత చేసి. పద్దెనిమిది నెలలు ఎదురుచూశాం. చివరికి మెయిల్ వచ్చింది. మాకు రావలసిన మొత్తం నిజమేనని పూర్తిగా ఒప్పుకున్నారు. మాకు చెల్లించేది మాత్రం సున్నా. బ్యాంకులు ముందట, ఫ్లాట్లు కొన్నవాళ్లు ముందట, సరుకు ఇచ్చిన మాలాంటివాళ్లం తోక చివర. నాకు అసలు ఒప్పుకోవడం ఎందుకో అర్థం కాలేదు. ఫోన్ సిమెంటు బస్తాల మీదికి విసిరేశాను. అది పగల్లేదు, దానికీ నా మీద జాలి లేదు.

మూడు నెలలు కిస్తులు ఆగేసరికి మా ఖాతా మొండిబాకీల్లో పడింది. నోటీసు వచ్చింది. అరవై రోజులు గడువు ఇచ్చారు. యూనిట్‌తో పాటు తాండూరులో మేం ఉంటున్న ఇల్లు కూడా తాకట్టులోనే ఉంది. గడువు దాటాక బ్యాంకువాళ్లు వచ్చారు, వాళ్లతో విలువ కట్టే అతను వచ్చాడు.

అతనికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తెల్ల బూట్లు వేసుకొని వచ్చాడు, మా యార్డులోని రాతి బురదలోకి. ఒక టేపు, ఒక ఫోన్, ఒక అట్ట. బండల వరసలు అడుగుల్లో కాకుండా ట్రాక్టరు లోడుల్లో లెక్కపెడుతున్నాడు. ఏమిటిది అని అడిగితే నవ్వి, "మేడమ్, తీరిగ్గా కూర్చొని అమ్మితే వచ్చే ధర వేరు, వేలంలో వచ్చే ధర వేరు. మేం రెండోదే రాయాలి. అయినా ఇప్పుడు ఇవి ఎవరు వేస్తున్నారు?" అన్నాడు. అతను రాసిన అంకె తొంగి చూశాను. కంకర రేటు.

నాకు ఒళ్లు మండిపోయింది. మందంగా ఉన్న బండ ఏది, పలచటిది ఏది, నీలం ఏది, పసుపు ఏది, చేతి పాలిష్ ఏది అని ఒక్క మాట అడగకుండా నా బతుకుకు కంకర రేటు కడతాడా? అతని మోచెయ్యి పట్టుకున్నంత పని చేసి యార్డు మూలకు తీసుకుపోయాను. బకెట్‌తో నీళ్లు తెచ్చి ఒక వరస మీద కుమ్మరించాను. నీలం రంగు తేలింది. "గిది సూడు. గిసొంటి రాయి గీ మండలం మొత్తంల ఇంకో యార్డుల సూపెట్టు. తట్టు, తట్టి సూడు. ఒక్క పగులు దొరికితే నువ్వు జెప్పినట్టు ఇంట," అని అరిచాను. అతను వంగి తట్టాడు. ఫొటోలు తీశాడు. అట్ట మీద కొత్త పేజీ తిప్పి, ఆ వరసను వేలంలో విడిగా అమ్మే మూడో లాటు అని రాసి, మంచి ధర వేశాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ వరస అంచున ఆకుపచ్చ గీత ఉంది. అరిచేటప్పుడు అవి ఎవరివో గుర్తులేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. గుర్తుంది. యార్డులో చూపించుకోవడానికి నాకున్న మంచి రాయి అదొక్కటే, అంతే. కింద సంతకం పెట్టమంటే పెట్టాను. గేటుకు తాళం వేసి లక్క ముద్ర కొట్టి వెళ్లిపోయారు.

వారం తర్వాత కాక బస్సు దిగి వచ్చాడు. ఇంటికి రాకుండా నేరుగా యూనిట్ దగ్గరికే పోయి, అక్కడి నుంచి ఎవరి ఫోనో అడిగి చేశాడు. నేను పోయేసరికి గేటు ఊచలు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"గా తాళం ఎవలది బిడ్డా?"

"బ్యాంకోళ్లది కాకా. మా అప్పు కింద ఏసిన్రు."

"మీ అప్పు కిందనా. మరి నా బండలు?"

"యాడికి పోవు కాకా. నీ గీత ఉన్నది గదా. నేను మాట్లాడ్త."

"జర తొందరగ మాట్లాడు బిడ్డా. స్లాబు అయిపోయింది," అన్నాడు. ఊచల మధ్య నుంచి తన బండలు కనపడుతున్నాయో లేదో మెడ సాచి చూసుకొని, కనపడ్డాక బస్సెక్కాడు.

మర్నాడే వికారాబాదు పోయాను. కోర్టు దగ్గర మా నాయనకు తెలిసిన వకీలు ఉన్నాడు. ఇల్లు అయినా దక్కించుకోవడానికి బ్యాంకుతో ఒక్కసారి కట్టే సెటిల్‌మెంట్ మాట్లాడుతున్నది ఆయనే. నేను మొత్తం చెప్పాను, ఫారాల సంగతి కూడా. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"అమ్మా, గా బండలు నావి గావని ఇప్పుడు రాసిస్తే ఏమైతదో ఎరుకేనా? ఇన్ని నెలల సంది నావే నావే అని సంతకాలు పెట్టినవ్. బ్యాంకును మోసం జేసిన అని నువ్వే ఒప్పుకున్నట్టు. క్రిమినల్ కేసు అయితది. సెటిల్‌మెంట్ మాట ఇగ మరిచిపో. ఇల్లు గూడ పోతది."

"మరి ఆయన బండలు సార్?"

"ఆయనే హైదరాబాద్ ట్రిబ్యునల్‌ల ఏసుకోవాలె. తాళం పడ్డ దినం నుంచి నలభై ఐదు రోజులు. ఏమన్న కాగితం ఉన్నదా ఆయన తాన?"

"లేదు. గీత ఉన్నది. నేను ఉన్న."

"అంటే నువ్వు సాక్ష్యం జెప్పాలె," అన్నాడు వకీలు. "జెప్పితే ఆయన బయటపడ్తడు, నువ్వు లోపలికి పోతవ్. నన్నడిగితే ఊకో. నేనైతే ఈ మాట ఇననట్టే."

తాండూరు రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంటికి పోగానే కాకకు ఫోన్ చేసి హైదరాబాదు పోదాం రా అని చెప్పాలనుకున్నాను. శంకర్‌పల్లి వైపు పోయే జనం ఎదురు ప్లాట్‌ఫారం మీద నవ్వుకుంటూ సమోసాలు తింటున్నారు. వాళ్లందరి మీదా కోపం వచ్చింది. రైలు కదిలింది. తాండూరులో దిగేసరికి రేపు చేద్దాంలే అనిపించింది.

రేపు చేయలేదు. ఎల్లుండి చేయలేదు. గోడ మీది క్యాలెండర్‌లో తాళం పడిన రోజు కింద పెన్నుతో చిన్న చుక్క పెట్టాను, నలభై ఐదో రోజు కింద ఇంకో చుక్క. పొద్దున లేవగానే వాటి మధ్య దూరం చూసేదాన్ని. కాక ఫోన్ చేసేవాడు, మూడు నాలుగు రోజులకొకసారి. "ఏమన్నరు బిడ్డా?" "వచ్చే వారం అన్నరు కాకా." ఇట్లా ఎన్ని వచ్చే వారాలు చెప్పానో లెక్క లేదు. ఒకసారి చిన్నమ్మే మాట్లాడింది, దసరాకు కొత్త ఇంట్లో మొదటి బోనం నేనే వండాలని పిలిచింది. ఫోన్ పెట్టేసి బాత్రూంలో కూర్చొని ఏడ్చాను. ఏడ్చి, బయటికొచ్చి, అన్నం వండాను. భయం అంతే. పోలీసు స్టేషన్ భయం, ఇంటి గోడ మీద నోటీసు అంటిస్తే పక్కింటివాళ్లు చదువుతారన్న భయం. మా ఆయనతో చెప్తే, "ఆయనవి బండలే పోతయ్, మనకు ఇల్లు పోతది," అన్నాడు. ఆ మాట అన్నందుకు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. కానీ ఆ మాట ప్రకారమే నడుచుకున్నాను. రెండో చుక్క రోజు దుప్పట్లు ఉతికాను.

ఆ తర్వాత పది రోజులకు సెటిల్‌మెంట్ తిరస్కరించారు. ముందుగా కట్టాల్సిన వాటా మేం కట్టలేకపోయాం. నోరు మూసుకొని నేను కాపాడిన ఇల్లు ఎట్లాగూ పోయేదే. అప్పుడు, ఇక పోవడానికి ఏమీ లేదనుకున్నప్పుడు, నాకు ధైర్యం వచ్చింది. అట్లాంటి ధైర్యానికి ధైర్యమనే పేరు పెట్టొచ్చో లేదో నాకు తెలియదు. బ్యాంకుకు పోయి మేనేజర్ ముందు కూర్చొని, మూడో లాటు నాది కాదని చెప్పాను.

ఆయన చెడ్డవాడు కాదు. మంచినీళ్లు తెప్పించాడు. తర్వాత బీరువాలోంచి ఫైలు తీసి నా ముందు తెరిచాడు. నెల తర్వాత నెల, నా గుండ్రటి చేతిరాతలో ఫారాలు. విలువ కట్టిన రోజు కాగితం అన్నిటికంటే పైన ఉంది.

"ఈ సంతకాలన్నీ మీవేనా మేడమ్?"

"నావే సార్."

"ఇన్ని నమ్మమంటారా, ఈరోజు నోటితో చెప్పింది నమ్మమంటారా?" అన్నాడు. ఆయన ఒక తెల్ల కాగితం, పెన్ను నా వైపు జరిపాడు. "రాసివ్వండి, పైకి పంపుతాను. కానీ ముందే చెప్తున్నా. దీని మీద మొదట మీ మీద ఫిర్యాదు పోతుంది. వేలం ఆగుతుందని మాత్రం చెప్పలేను. ఆ పెద్దమనిషి గడువు దాటిపోయింది."

పెన్ను పట్టుకున్నాను. నా పేరు, ఊరు రాశాను. మూడో లైను దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పోవడానికి ఏమీ లేదని వచ్చినదాన్ని, ఇంకా నేను మిగిలే ఉన్నానని అక్కడ తెలిసింది. కాగితం మడిచి బ్యాగులో వేసుకొని లేచాను. ఆయన ఫైలు మూసేశాడు.

వేలం ప్రకటన పేపర్లో వచ్చింది, గేటు మీదా అంటించారు. ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోట ఉన్నట్టుగా అమ్మబడును అని. రెండో రోజు కాక ఇంటికి వచ్చాడు. ఆయన ముఖం ఎండిపోయి ఉంది. ఎవరో ఆయనకు ప్రకటన చదివి చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు.

"మూడోది నాదేనంట గదా బిడ్డా. ఎవలైన కొనొచ్చంట. నా పేరు మీద కాగితం నింపు."

"వద్దు కాకా. వేరే రాయి తీస్కో. నేను గనిల మాట్లాడ్త, తక్కువల ఇప్పిస్త."

"వేరే రాయి, మళ్ల కోత, మళ్ల పాలిష్. గది ఇంకింత అయితది. గివి నా గదులకు కోసినయి. ఇంకొకని ఇంట్ల ఎట్ల సరిపోతయి?" అన్నాడు. "మిగిలిన గొర్లు అమ్మిన. నాలుగు ఉంచుకున్న, మీ చిన్నమ్మకు పొద్దు పోవాలె గదా."

కనీస ధర దగ్గర నా పెన్ను ఆగింది. పక్కనున్న రెండు లాట్లకు కంకర రేటు. మూడో దానికి మాత్రం నేను బకెట్ నీళ్లు కుమ్మరించి, గొంతు చించుకొని వేయించిన రేటు. ఆ రోజు యార్డులో నోరు మూసుకొని ఉంటే ఆ ముసలాయన పది గొర్లు మిగుల్చుకునేవాడు. ఆ అంకె నేనే రాశాను, ఆయన వేలిముద్ర నేనే వేయించాను.

వేలం రోజు యార్డు తెరిచారు. మొదటి రెండు లాట్లు, వాటిలోని ఎర్ర గీతలు, తెల్ల గీతలతో సహా, బషీరాబాద్ వైపు నుంచి వచ్చిన వ్యాపారి తీసుకున్నాడు. మూడో లాటుకు ఆ ధర పెట్టడానికి కాక ఒక్కడే ముందుకొచ్చాడు. డబ్బు ముందే బ్యాంకులో కట్టాడు. ఆయన ట్రాక్టరులో గడ్డి పరిచి, ఒక్కో బండను హమాలీలతో నిలబెట్టిస్తుంటే నేను షెడ్డు గోడకు ఆనుకొని చూస్తున్నాను. నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మూడో లాటు అమ్మకం డబ్బు నా అప్పు ఖాతాలో జమ అయిందట. బాకీ ఇంత తగ్గిందట. కాక గొర్లు నా అప్పు కట్టాయి.

ఇక తట్టుకోలేకపోయాను. ఆయన దగ్గరికి పోయి చెప్పేశాను. ఆయన బండలు నావని ప్రతి నెలా నేనే రాశానని, మంచి రాయి అని వేలు పెట్టి చూపించింది నేనేనని, కోర్టుకు గడువు ఉండిందని, అది నాకు తెలుసునని. ఒక్కటి కూడా దాచలేదు. ఆయన ట్రాక్టరు డబ్బా మీద చెయ్యి వేసి విన్నాడు. తిడతాడని చూశాను. తిట్టాలని మొక్కుకున్నాను.

జారిన గడ్డిని బండ కిందికి తోసి అన్నాడు, "తాళం పడ్డప్పుడే జెప్తే గొర్లు ఉండేటియి గదా."

అంతే అన్నాడు. మిగిలిన బండలు ఎక్కించాడు, తాళ్లు బిగించి చూసుకున్నాడు. డ్రైవరుతో ఆగమని చెప్పి మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. లోపలి జేబులోంచి మడత నోట్లు తీసి, తడి వేలితో లెక్కపెట్టి నా ముందు పట్టాడు.

"పాలిష్ పైసలు. నీ బాకీ నాకెందుకు పటేలమ్మా."

ఊళ్లో పొలమున్న ఇళ్ల ఆడవాళ్లను పిలిచే పిలుపు అది, పుట్టిన దగ్గర్నుంచి ఆయన నన్ను అట్లా పిలవలేదు. ఆయన చెయ్యి దించలేదు. నేను తీసుకున్నాను. ట్రాక్టరు కొడంగల్ దారి పట్టింది. ఆ నెల ఇంటి కరెంటు బిల్లు ఆ పైసలతోనే కట్టాను.